అత్త కూర్చోబెట్టిన బేరం

మే నెలలో ఒక ఉదయం చేపల హార్బరు పక్కనున్న మా ఐసు ప్లాంటులో ఖాళీ డబ్బాల తుప్పు గీకిస్తుంటే ఫోను మోగింది. అత్త కూతురు. ఏడవడం లేదు, గొంతు మాత్రం బొంగురుగా ఉంది. "అమ్మ పోనాది బావా. టీ తాగినాది, కాసేపు ఒరుగుతానంది, మరి లెగనేదు. బోట్లోళ్ళకి నువ్వే సెప్పు" అంది. సరేనని ఫోను పెట్టేశాను. ఎవరికి ముందు చెప్పాలో తోచక, చేతిలో ఉన్న డబ్బానే మళ్ళీ గీకడం మొదలుపెట్టాను.

నిజం చెప్పుకోవాలంటే ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. అది వేట నిషేధం కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మరబోట్లు సముద్రం మీదికి వెళ్ళకూడదు. ఇంకొన్ని వారాల్లో నిషేధం తీసేస్తారు. తీసేసిన రోజున మా దగ్గర ఐసు తీసుకునే బోట్లన్నిటికీ ఒక్కసారే ఐసు కావాలి. ఏ బోటుకు ముందు, ఏ బోటుకు తర్వాత అన్నది ఏటా అత్తే అందరినీ కూర్చోబెట్టి తేల్చేది. ఆవిడ లేకపోతే ఆ ఒప్పందం నిలుస్తుందా? అది నిలవకపోతే నా ప్లాంటు నిలవదు. మనిషి పోయిందన్న కబురు విన్న పావుగంటలో నేను ఆలోచించింది ఇదీ. రాయడానికి సిగ్గుగానే ఉంది. దాచిపెట్టి రాస్తే మాత్రం ఆవిడ గురించి రాసినట్టు కాదు.

అత్త అంటే నాకు చుట్టం కాదు. మాది సబ్బవరం అవతల పల్లె. తాతల నాటి నుంచీ వరి, చెరకు తప్ప వేరే పని ఎరగం. ఆవిడది యారాడ, పుట్టింది సముద్రం పక్కన, పెళ్ళయి వచ్చింది హార్బరు పక్కకి. భర్త జబ్బు చేసి పోయాక ఆయన రెండు బోట్లూ తనే నడిపించింది. జెట్టీ మీద ఆవిడని అందరూ అత్తా అనే పిలిచేవారు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అత్తా అనే అనేవారు, ఆవిడ కూడా తేడా చూపించకుండా అందరినీ అల్లుళ్ళనే లెక్క వేసుకునేది. నన్నూ అంతే.

అత్త పోయింది పుట్టినూళ్ళోనే, అందుకని ఆ రోజు యారాడ వెళ్ళాం. నిషేధం కాబట్టి ఒక్క బోటు కూడా వేటలో లేదు. ఏడాదిలో ఇంకే నెలలో పోయినా సగంమందికి ఆఖరి చూపు దక్కేది కాదు. ఈసారి అందరూ ఒడ్డునే ఉన్నారు. పాడె మోయడానికి ఎంతమంది వచ్చారంటే భుజం మార్చుకునే అవసరమే రాలేదు. అత్త నిద్రపోతున్నట్టే ఉంది, మొహంలో ఏ బాధా లేదు. నెలల తరబడి ఆస్పత్రుల్లో నలగలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఈ మాటే ఒకరికొకరు చెప్పుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు నా మనసు తేలికపడింది. భయం మాత్రం అలాగే ఉంది.

బోట్ల యజమాని కాకముందు అత్త చేపలు అమ్మింది. గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి ఉక్కునగరం క్వార్టర్లకి వెళ్ళేదట. ఆ రోజుల గురించి ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. స్టీలు ప్లాంటు ఉద్యోగులకి షిఫ్టులు మారుతుంటాయి కదా. ఏ ఇంటాయన ఈ వారం రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడో అత్తకి లెక్క తెలుసు. ఆ ఇంటి ముందు అరవదు, తలుపు కొట్టదు. వెనకవైపు వెళ్ళి గిన్నెల చప్పుడు వినిపిస్తే ఆ ఇల్లాలిని మెల్లిగా పలకరించేది. చదువు లేని మనిషి, ఏ కాగితం మీదా రాసుకోకుండా అన్ని సెక్టార్ల షిఫ్టులు బుర్రలో పెట్టుకుని తిరిగింది. నేను ఆశ్చర్యపోతే, "ఆళ్ళు నిద్దరోతంటే మన సేపెవుడిక్కావాలి?" అని తేలిగ్గా తీసేసింది.

నేను ఐసు ప్లాంటు తీసుకున్న కొత్తలో ఆవిడతో మొదటి బేరం జరిగింది. నాకప్పుడు హార్బరు తెలీదు, ఐసు కూడా సరిగా తెలీదు. ఎవరో చెప్పారని షరతులన్నీ కంప్యూటర్ మీద కొట్టించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వలలు బాగుచేసుకునే షెడ్డులో అత్త ఒక వల చుట్ట మీద కూర్చుని ఉంది. నేను స్టూలు లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. కాగితం తీసేలోపు, లేచి వచ్చి తన పక్కన కూర్చోమంది. ఎందుకని అడిగాను. "ఎదురుగా కూకుంతే నీకు నా మొకం, నాకు నీ మొకం. పక్కన కూకో, ఇద్దరికీ బోటు కనబడతాది" అంది. ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి ఆ వల మీద కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ చొక్కా ముట్టుకోనంది.

అత్త దగ్గర ఇంకో పద్ధతి ఉంది. అది ఎవరు నేర్పారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. బేరానికి వచ్చినవాడు తనకేం కావాలో చెప్పకూడదు. ముందు ఎదుటివాడి కష్టం వాడి తరఫున చెప్పాలి. పూర్తిగా చెప్పావా లేదా అన్నది ఆ ఎదుటివాడు ఒప్పుకోవాలి. వాడు 'అంతే' అన్నాకే నీ మాట మొదలుపెట్టాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కూర్చుంటే తెలుస్తుంది ఎంత కష్టమో. మొదటిసారి అత్త బోట్ల కష్టం నన్ను చెప్పమంటే డీజిలు ధర అని రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ పూట బేరం జరగలేదు. జెట్టీ మీద నాలుగు రోజులు తిరిగి, బోటు మీద పనిచేసే కలాసీలతో మాట్లాడి రమ్మంది. తిరిగాను. పెద్ద చదువులు చదువుకున్నవాణ్ణి, ఈవిడేమిటి నాకు హోంవర్కు ఇవ్వడమేమిటని తిట్టుకుంటూనే తిరిగాను.

వీటన్నిటి మధ్య అత్త నోట్లో అడ్డచుట్ట ఉండేది. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాల్చే చుట్ట. మా ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవాళ్ళకి అది మామూలే. డాక్టరు మానమన్నాడు, కూతురు గొడవపడింది. ఇంట్లో మానేసింది. బేరం దగ్గర మానలేదు. ఆ చుట్ట నోట్లో ఉన్నంతసేపు ఆవిడ మాట్లాడదు, మనం మాట్లాడుతూనే ఉండాలి. చుట్ట బయటికి తీసిందంటే ఇక మాట మన చేతుల్లోంచి జారిపోయినట్టే.

ఇక కొన్నేళ్ళ కిందటి ఒక ఏడు సంగతి చెప్పాలి. అత్తని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

అది ఎవరికీ రేపటి మీద నమ్మకం లేని సీజను. పై దేశాల్లో మన రొయ్యల మీద పన్ను పెంచుతారని ఒకరోజు, పెంచడం లేదని మరొకరోజు వార్త వచ్చేది. రొయ్యలు కొనే కంపెనీలవాళ్ళు ధర చెప్పరు, ఎంత కొంటారో చెప్పరు. అసలు నిషేధం తీశాక వేటకి వెళ్ళడమా మానడమా అని బోట్లవాళ్ళలోనే రెండు మాటలు. కలాసీలు పనికోసం గుజరాత్ వైపు వెళ్ళిపోతున్నారు. ఇవన్నీ చాలనట్టు, నిషేధం తీసేయడానికి పది రోజుల ముందు మా ప్లాంటులో రెండు కంప్రెసర్లలో ఒకటి ఆగిపోయింది. దాని లోపలి భాగం ఏదో మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే పద్నాలుగు బోట్లూ వేరే ప్లాంటుకి వెళ్ళిపోతాయి. ఒకసారి వెళ్ళిన బోటు మళ్ళీ రాదు. ఆ సీజనులో బోట్లు పోతే నేను ప్లాంటు మూసుకుని మా ఊరు వెళ్ళిపోవడం తప్ప వేరే దారి లేదు. అందుకని అడిగినవాళ్ళందరికీ అలాగే ఇస్తానని తల ఊపాను.

మాట ఇచ్చాక ఐసు చెయ్యాలి కదా. ఐసు దిమ్మ బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది. డబ్బాలో నీళ్ళు పోసి చల్లటి ఉప్పునీటి తొట్టిలో దించితే అంచులు ముందు, నడుమ ఆఖరున. రెండు మిషన్లు ఉంటే ఒక రోజు పని, ఒక్కటే ఉంటే రెండు రోజులు. నేను రెండో రోజు దాకా ఆగలేదు. తీసేయమన్నాను. మా ఆపరేటరు పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. "నడుమ నీళ్ళున్నాయి బాబూ, ఇది గుల్లదిమ్మ" అన్నాడు. నాకు తెలుసన్నాను. పైకి దిమ్మలాగే ఉంటుంది. బోటు అడుగున పేర్చాక నాలుగు రోజుల్లో కరిగిపోతుంది. బోట్లు పదిహేను రోజులు సముద్రం మీద ఉంటాయి. పట్టిన సరుకంతా నడిసముద్రంలో కుళ్ళిపోతుంది. అది తెలిసి కూడా తీయించాను. ఏదోలా సర్దుకుంటారులే అనుకున్నాను. మనిషి భయపడితే ఎంత నీచంగా ఆలోచించగలడో నేను వేరేచోట వెతుక్కోనక్కర్లేదు.

బేరానికి ముందురోజు సాయంత్రం అత్త ప్లాంటుకి వచ్చింది. మా పిల్లల చదువులు అడిగింది, మా అమ్మ మోకాళ్ళ నొప్పులు అడిగింది. వెళ్ళబోతూ పేర్చి ఉన్న దిమ్మల దగ్గర ఆగి, వేలు మడిచి ఒక దిమ్మ మీద తలుపు తట్టినట్టు రెండుసార్లు తట్టింది. నడుమ గట్టిపడని దిమ్మకి చప్పుడు తేడాగా వస్తుంది. రేపు భోజనాలయ్యాక షెడ్డుకి రమ్మని చెప్పి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరం వల చుట్టల మీద వరసగా జెట్టీ వైపు తిరిగి కూర్చున్నాం. నా ఎడమ పక్కన నూకరాజు. ఒకే బోటు ఉన్నవాడు, మాట దురుసు, నిషేధం తీసిన మొదటి రోజే తన బోటు కదలాలని పట్టుబట్టిన మనిషి. కుడి పక్కన రొయ్యల కంపెనీ ఏజెంటు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడు. అతన్ని చూస్తేనే బోట్లవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. అత్త చుట్ట వెలిగించి నోట్లో పెట్టుకుంది. ముందుగా నా కష్టం నూకరాజు చెప్పాలని చేత్తో సైగ చేసింది.

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "ఐసు బావకి కట్టం నేదని నాననను. కరెంటు బిల్లు ఎక్కువైపోనాది. మనం వత్తామో రామో తెలీకుండా దిమ్మలు తీసి పెట్టుకోవాల. మనం రాకపోతే అయ్యి కరిగి కాలవలో పోతాయి. అయినా రెండు మిషన్లూ ఆపకుండా నడుపుతన్నాడు. అందరికీ ఇత్తానన్నాడు. మాట తప్పే మనిషి కాదు" అన్నాడు.

నా గురించి నూకరాజు అంత మంచిగా మాట్లాడటం అదే మొదటిసారి. తిట్టి ఉంటే 'అంతే' అనేసేవాణ్ణేమో.

అత్త చుట్ట నోట్లోంచి తీసింది. "అంతేనా అల్లుడా?" అంది.

రెండక్షరాల మాట. 'అంతే' అంటే ప్లాంటు నిలబడుతుంది, కనీసం ఈ నెలకి. నేను జెట్టీ వైపు చూశాను. నూకరాజు బోటుకి కొత్తగా రంగు వేశారు, దాని మీద ఇద్దరు కలాసీలు కూర్చుని వలకి సీసం గుళ్ళు కడుతున్నారు. వాళ్ళు ఆ ఐసునే నమ్ముకుని పదిహేను రోజులు నీళ్ళ మీద ఉంటారు.

"కాదత్తా" అన్నాను. "ఒక మిషనాగిపోయి వారమైనాది. అందరికీ ఇవ్వలేను. ఇప్పుడు తీసినవన్నీ గుల్లదిమ్మలు."

ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు వరసగా గుర్తులేదు. నూకరాజు లేచి నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో మా ఊరిని, మా కులాన్ని కలిపి తిట్టారు. ఇద్దరు యజమానులు అక్కడికక్కడే వేరే ప్లాంటుకి ఫోన్లు చేస్తూ వెళ్ళిపోయారు. అత్త వాళ్ళని ఆపలేదు. గోల కాస్త తగ్గాక, ఎవరినీ చూడకుండా, "నూకరాజూ, ఆడి కట్టం నువ్వు సెప్పినావు, నువ్వెరగనిది ఆడే సెప్పినాడు. ఇప్పుడు నీ కట్టం ఆడు సెప్పాల. కూకో" అంది.

నూకరాజు కూర్చోలేదు. వెళ్ళనూ లేదు. నేను మొదలుపెట్టాను. అతనికి మొదటి రోజే వెళ్ళాలని ఎందుకంత పట్టుదలో నాకు తెలుసు. అతని కలాసీల్లో సగంమంది కిందటేడు గుజరాత్ పోయారు. మిగిలినవాళ్ళని నిలబెట్టుకోవడానికి నిషేధం రెండు నెలలూ తన ఇంట్లోనే అన్నం పెట్టాడు. వాళ్ళందరికీ వండీ వండీ భార్యకి ఒళ్ళు చెడిపోయింది. బోటు ఒక్కరోజు ఆలస్యంగా కదిలినా వాళ్ళు వేరే బోటు ఎక్కేస్తారు, ఇక ఆ బోటు ఒడ్డునే ఉండిపోతుంది. ఇదంతా ఐసు కోసం వచ్చినప్పుడు అతని కలాసీలే ఐసు నలగ్గొట్టే మా క్రషరు దగ్గర చెప్పుకున్న మాటలు. నేను చెప్పడం ముగించేసరికి నూకరాజు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో చూడలేదు. "అంతే" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఇక ఏజెంటు కష్టం ఎవరు చెప్పాలి? అత్తే చెప్పింది. ఆ కుర్రాడి తండ్రి ఉక్కునగరంలో తన దగ్గర చేపలు కొన్నాడని, కొసరు అడగని మనిషని మొదలుపెట్టింది. కొడుక్కి పైవాళ్ళు ఏమీ చెప్పరని, ఏమీ తెలియని ఆ కుర్రాణ్ణి మనమంతా ధర చెప్పమని పీక పట్టుకుంటున్నామని, ఇంటికెళ్ళి అన్నం కూడా తిననిస్తున్నామో లేదో అని అంది. ఏజెంటు ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, చెప్పొద్దన్న మాట ఒకటి ఉందని తనే బయటపెట్టాడు. కంపెనీ చల్లగిడ్డంగిలో చోటు లేదు. ఒకేసారి మూడు బోట్ల సరుకు తప్ప దింపుకోలేరు. బోట్లన్నీ ఒకే రోజు తిరిగొస్తే మిగతా అందరినీ తను వెనక్కి పంపాల్సి ఉంటుంది. ఆ రోజు జెట్టీ మీద తనకి ఏమవుతుందో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదన్నాడు.

నా ఒక్క మిషను రెండు రోజులకి మూడు బోట్లకి సరిపడా గట్టి ఐసు ఇవ్వగలదు. గిడ్డంగి మూడు బోట్ల సరుకు తీసుకోగలదు. ఒకరికొకరం దాచిపెట్టుకున్న సంగతులు బయటికొచ్చి పక్కపక్కన కూర్చున్నాయి. మూడేసి బోట్లు, రెండేసి రోజుల తేడాతో వెళ్ళాలి. వచ్చిన మూడింటి సరుకూ ఏజెంటు వదలకుండా దింపుకోవాలి. గంటన్నర వాదించుకున్నాక ఇది తేలింది. కలాసీలు జారిపోయే భయం ఉన్నవాళ్ళు ముందు. నూకరాజు మొదటి మూడింట్లో ఉన్నాడు. అత్త రెండు బోట్లూ ఆఖరి వరసలో పెట్టుకుంది. గుల్లదిమ్మలు ఆ సాయంత్రమే క్రషరులో వేయించి, ఏ పూటకాపూట అమ్ముకునే చేపల ఆడవాళ్ళకి ఊరికే ఇప్పించింది.

షెడ్డు ఖాళీ అయ్యాక నీకు ముందే తెలుసు కదా, నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. చుట్ట ఆర్పుకుంటూ, "నాను సెప్పేత్తే నువ్వు దొరికిపోయినోడివి. దొరికినోడితో ఎవుడు మాటాడతాడు? నువ్వే సెప్పుకున్నావు గావట్టి కూకున్నారు" అంది. నేను చెప్పకపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. ఆరిన చుట్టని కొంగు చివర ముడేసుకుని లేచింది. ఆ జవాబు వినే పని పడనందుకు ఇప్పటికీ నాకు ఊరటే.

ఆ సీజను మేం గట్టెక్కాం. గొప్పగా ఏం కాదు, గట్టెక్కాం. బోట్లు వరసలోనే వెళ్ళాయి, వరసలోనే వచ్చాయి, ఒక్కరి సరుకూ కుళ్ళలేదు. నెలన్నరకి మద్రాసు నుంచి ఆ భాగం వచ్చి రెండో మిషను తిరిగింది. అయినా మరుసటి ఏడు మళ్ళీ అలాగే కూర్చున్నాం. ఆ పై ఏడూ అంతే. వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకాయన తిరిగొచ్చాడు, ఇంకొకాయన రాలేదు, ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన కోపంలో న్యాయం లేదని నేననలేను.

కిందటి డిసెంబరులో అత్తని ఆఖరిసారి జెట్టీ మీద చూశాను. చుట్ట నిజంగానే మానేసింది. చేతిలో కొత్తిమీర కట్ట పెట్టుకుని మాట్లాడుతూ ఒక్కో ఆకూ తుంపి నములుతోంది. అత్తా, నువ్వు చుట్ట తియ్యకపోతే బేరం అయిపోయిందని మాకెలా తెలుస్తుందని ఆటపట్టించాను. కొత్తిమీర అయిపోతే తెలుస్తుందని నవ్వింది. మనిషి సన్నబడింది. నేను అది చూసీ చూడనట్టు వచ్చేశాను. ఆ పూట ఇంకాసేపు కూర్చోవలసింది.

ఈ జూన్‌లో సముద్రం మీద అల్పపీడనమన్నారు, కంపెనీ చేతులు మారుతుందన్నారు, డీజిలు సంగతి ఎప్పుడూ ఉన్నదే. అత్త లేకుండా షెడ్డుకి వెళ్ళిన రోజు ఎవరూ కూర్చోలేదు. కాసేపు ఫోన్లు చూసుకున్నాం. అత్త కూతురు వచ్చి ఒక వల చుట్ట మీద, జెట్టీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరం ఆమె వరసలో కూర్చున్నాం.

అత్త ఒక పూటలో తేల్చేది, మాకు మూడు రోజులు పట్టింది. రెండో రోజు ఒకరు చొక్కా పట్టుకునే దాకా వెళ్ళారు. ఎదుటివాడి కష్టం చెప్పమంటే వెటకారంగా చెప్పి, మళ్ళీ తిట్లు తిని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. తగువు తెగక ఆఖరికి చీటీలు వేశాం. నూకరాజుకి ఆఖరి వరస వచ్చింది. అతను లేచి వెళ్ళిపోతే ఇంకో నలుగురు వెనకాలే వెళతారు, ఆపడానికి ఆ వరసలో పెద్ద దిక్కు లేదు. నూకరాజు ఆ చీటీని రెండుసార్లు చూసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మావోళ్ళకి నాను సెప్పుకుంతాను" అన్నాడు.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మే నెలలో రావలసినది.

నిషేధం తీసేసిన రోజు పొద్దున్న మొదటి మూడు బోట్లకీ ఐసు ఎక్కించాం. గట్టి ఐసు, నడుమ దాకా గడ్డకట్టినది. ఎండ అప్పుడే డాల్ఫిన్ నోస్ కొండ మీదికి ఎక్కుతోంది. ఇంజన్లు మొదలయ్యాయి. కట్టు తాళ్ళు విప్పడానికి ఆ బోట్ల మనుషులు కిందికి దిగబోతుంటే, దిగొద్దని జెట్టీ మీద నుంచి ఎవరో కేకేశారు. నూకరాజూ, అతని కలాసీలూ వచ్చి గుంజల దగ్గర వంగారు. వెళ్ళే బోట్ల తాళ్ళు ఆగిన బోటువాళ్ళు విప్పారు. నూకరాజు తడి తాడుని చుట్టలు చుట్టి బోటు మీదికి విసిరాడు, అవతల అందుకున్నారు. బోటు నెమ్మదిగా వెనక్కి జరిగి, ముక్కు తిప్పుకుని, రాళ్ళ గట్టు దాటింది. అతను చేతులు లుంగీకి తుడుచుకోవడం కూడా మరిచిపోయి, నీళ్ళు కారుతున్న చేతులతో అలాగే నిలబడి చూస్తున్నాడు.